చూరు అన్న మాట దొరికిన రాత్రి

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. 1880లో ఈ ఊరికి బడిపంతులుగా వచ్చిన మనిషి ఆయన. మన చుట్టూ ఉన్న కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ నోట విన్న పాటలూ కథలూ రాసిపెట్టుకున్నారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఇవన్నీ మీరు ఏటేటా ఇదే రోజున వింటున్నవే. అందుకని నేను ఆయన చేసిన పనిలోంచి ఒక్క ముక్క పట్టుకుని మా ఇంటి సంగతి చెబుతాను. జనం నోట్లో ఉన్నదాన్ని ఆయన కాగితం మీదికి తెచ్చారు. నాకు 2018లో ఆ పనే తిరగబడి వచ్చింది. కాగితం మీద ఉన్నది నీళ్ళపాలైంది. దాన్ని నోట్లోంచి, చెవిలోంచి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పెద్దవాళ్ళకి ఎవరికీ ఆ రోజు గుర్తు చెయ్యక్కర్లేదు. మన గజపతి జిల్లాలోనే కొండచరియలు విరిగిపడి, వాన నుంచి తలదాచుకున్న చోటే మనుషులు పోయారు. ఆ ఇళ్ళ ముందు మా ఇంటి నష్టం నష్టమే కాదు. ఆ మాట చెప్పుకుని గానీ నేను ముందుకు వెళ్ళలేను.

మాది తాతగారి నాటి పెంకుటిల్లు. మట్టి గోడలు, పైన సున్నం. నాటు పెంకులు. ఆ వేళప్పుడు గాలికి ముందు ఈశాన్యం మూల పెంకులు లేచాయి. పెంకులు లేచే చప్పుడు మీలో చాలామంది వినే ఉంటారు, పళ్ళెం మీంచి పళ్ళెం జారినట్టు ఉంటుంది. పెరటి కాలువ పొంగడం చూసి మా తమ్ముడు కరెంటు మెయిన్ ఆపేశాడు. ఇది మాత్రం పిల్లలు కూడా గుర్తుపెట్టుకోండి. ఇంట్లోకి నీళ్ళొచ్చేలా ఉంటే బియ్యం తర్వాత, బంగారం తర్వాత, ముందు మెయిన్. అదీ నేల పొడిగా ఉన్నప్పుడే. నీళ్ళు వచ్చేశాక, ఆ నీళ్ళలో నిలబడి బోర్డు ముట్టుకోకూడదు.

తెల్లారేసరికి వంటింటి గడప దాటి చీలమండల దాకా నీళ్ళు. పైనుంచి వాన, కిందనుంచి మురుగు. నేనూ, తమ్ముడూ, మరదలూ, వాళ్ళ పిల్లలిద్దరూ నడింట్లో పట్టెమంచం మీద కూర్చున్నాం. చిన్నది వణుకుతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే నా నోటికి ఇంకేమీ రాలేదు, పోతనగారి భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడి పద్యం వచ్చింది. మా అమ్మ ఉరుమొచ్చినా, జ్వరమొచ్చినా, ఉత్తరం రావడం ఆలస్యమైనా చదివే పద్యం అది.

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

ముప్పై ఏళ్ళు క్లాసులో ఈ పద్యం చెప్పాను. దానిలో ఒక సంగతి ఆ మంచం మీద కూర్చున్నాకే నాకు తెలిసింది. ఈ రెండు పాదాల్లో ఆరు క్రియలున్నాయి, చూడండి. లేదు. అయ్యె. తప్పెను. వచ్చె. డస్సెన్. అయ్యెడిన్. సమాసాలు అల్లడంలో పోతనగారికి సాటి ఎవరు? అలాంటి మనిషి ఇక్కడ ఒక్క పెద్ద సమాసం కూడా వెయ్యలేదు. నీళ్ళలో చిక్కుకున్న ప్రాణికి పొడుగు వాక్యం చెప్పేంత ఊపిరి ఉండదు. గుక్క అందినంత మేర ఒక మాట, మళ్ళీ గుక్క, మళ్ళీ మాట. ఆ పద్యం పెద్దగా చదువుతుంటే మనకే తెలియకుండా ఊపిరి ఆ కొలతలోకి వస్తుంది. నాలుగోసారి చదివేటప్పటికి పిల్ల వణకడం ఆపింది. గాలి ఆగలేదు, నీళ్ళు తగ్గలేదు. పిల్ల మాత్రం 'ఠావు అంటే ఏటి అత్తా?' అని అడిగింది. చోటు అని చెప్పాను. ఠావు కాగితం అని కూడా అంటాం అని చెబుతూ చెబుతూ, నా గుండె జారిపోయింది. అమ్మ పుస్తకాలు ఈశాన్యం మూల గదిలో ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

అమ్మ పుస్తకాలంటే అచ్చు పుస్తకాలు కావు. ఐదు నోట్ బుక్కులు. అమ్మ తన పద్యాలు రాసుకున్నవి. ఎక్కడా అచ్చు కాలేదు, ఎవరికీ పంపలేదు. మధ్యాహ్నం వంటిల్లు కడిగాక, అరుగు మీద ఆడపిల్లలకి పద్యాలు నేర్పే ముందు ఒక గంట ఉండేది ఆవిడకి. ఆ గంటలో రాసినవి. ఎక్కువ ఆటవెలదులు, కొన్ని కందాలు. ఆవకాయ మీద, మా నాన్నగారి కళ్ళజోడు మీద, ఒడియా బడిలో చేరిన మా తమ్ముడు ఇంటికొచ్చి రెండు భాషలూ కలిపి మాట్లాడటం మీద. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అందులోకి వెళ్ళినప్పుడు అమ్మ చంటిపిల్ల. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, పైన రాష్ట్రం మారింది. అలాంటి ఇంట్లో తెలుగు పద్యం రాసుకోవడం ఆవిడకి దీపం పెట్టడం లాంటిది, రోజూ చేసే పని.

ఆ ఐదూ ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. పెట్టె మూత సరిగ్గా మూసుకోదు. రెండు పూటలు పైనుంచి నీళ్ళు కారాయి అందులోకి.

నీళ్ళు తీశాక నేను చేసిన మొదటి పని తప్పు పని. మూడోనాడు ఎండ కాస్తే, ఆ నోట్ బుక్కులు పట్టుకెళ్ళి పెరట్లో ఎండలో పెట్టాను. వడియాలు ఎండబెట్టినట్టే అనుకున్నాను. గంటకల్లా అట్టలు వంకర తిరిగాయి, పైపై కాగితాలు పెళుసుబారి లోపలివి అతుక్కుపోయాయి. ఒకదాని పేజీలు విప్పబోతే పొర ఊడి వచ్చేసింది. అప్పుడు ఏడ్చాను. తుపాను రాత్రి ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకాయన మా తమ్ముడికి తెలుసు. ఫోన్ సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఆయన్ని అడిగాడు. ఆయన చెప్పినవి మీకూ చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో అందరికీ పెట్టెలున్నాయి. దస్తావేజులున్నాయి, జాతకాలున్నాయి, పెళ్ళి ఫోటోలున్నాయి.

తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టకూడదు, నీడలో గాలి ఆడేచోట ఆరనివ్వాలి. అతుక్కున్న పేజీలను తడి మీద బలవంతంగా విప్పకూడదు. రోజున్నర, రెండు రోజులు దాటితే బూజు పట్టడం మొదలవుతుంది, కాబట్టి ఒక్కసారే అన్నీ ఆరబెట్టలేకపోతే ఫ్రిజ్ పై అరలో, మంచు గడ్డకట్టే చోట పెట్టేయాలి. అలా పెడితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ తీసుకోవచ్చు. మాకు కరెంటే లేదు, ఫ్రిజ్ ఎక్కడ? ఫ్యాన్ ఎక్కడ? అందుకని పది పేజీలకొకటి చొప్పున పొడి తెల్ల కాగితం పెట్టాం. న్యూస్ పేపర్ వద్దన్నారు, దాని సిరా అంటుకుంటుందట. తెల్ల కాగితాలు అయిపోయాక నాన్నగారి పాత మల్లు పంచెలు చింపి ఆ ముక్కలు పెట్టాం. గంటగంటకీ తడి గుడ్డ తీసి పొడి గుడ్డ మార్చడం. మరదలు విసనకర్రతో విసిరేది. పసిబిడ్డకి జ్వరం వస్తే చేసినట్టు చేశాం.

ఫోటోలు మంచినీళ్ళలో ముంచి బురద పోగొట్టి, దండేనికి క్లిప్పులతో వేలాడదీశాం. ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోతాయి.

ఇంకా చాలా జరిగింది ఇంట్లో. నూతిలో బ్లీచింగ్ వేయించడం, తడిసిన ధాన్యం, ఆరుబయట బొంతలు, బీరువా కింద కనిపించిన పాము. వాటి గురించి మీకు నాకంటే బాగా తెలుసు. గోడల గురించి ఒక్క మాట చెప్పి నోట్ బుక్కుల దగ్గరికి వస్తాను. మట్టి గోడ, సున్నం గోడ తడిస్తే మెల్లగా ఆరుతుంది, నెలలు పడుతుంది, దాన్ని ఆరనివ్వాలి. మా ఇంట్లో పనికొచ్చిన ఒక మేస్త్రి తొందరపడి కింది మూడడుగులు సిమెంటుతో పూసేశాడు. లోపలి చెమ్మకి బయటికి దారి లేక పైకి ఎక్కింది. సంక్రాంతికల్లా సిమెంటు పైన చౌడు తెల్లగా పూసింది, సున్నం పొట్టులా రాలింది. ఆ సిమెంటు అంతా గీకించి, ఎండాకాలం దాకా ఊరుకుని, మళ్ళీ సున్నమే వేయించాం. గోడకి కూడా ఊపిరి ఆడాలి.

ఇక నోట్ బుక్కులు.

ఐదింటిలో మూడు బాల్ పెన్నుతో రాసినవి. వాటిలో అక్షరం చెదరలేదు. బాల్ పెన్ను సిరా నూనెలాంటిది, నీటికి కరగదు. మిగతా రెండూ పాతవి, పాళీ కలంతో నీలి సిరాతో రాసినవి. ఆ సిరా నీళ్ళకి కరిగి పేజీ అంతా లేత నీలం పరుచుకుంది. కొన్నిచోట్ల అక్షరాలు అలాగే ఉన్నాయి, కొన్నిచోట్ల నీడల్లా ఉన్నాయి, కొన్నిచోట్ల ఏమీ లేవు. మన పాత తాటాకు గ్రంథాలు గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్దేవారు కదా. మసి పోయినా గీత ఉంటుంది, మళ్ళీ రుద్దుకోవచ్చు. కాగితం మీద సిరాకి ఆ అదృష్టం లేదనుకున్నాను.

నవరాత్రులు అయిపోయాయి. దీపావళి ముందు ఒక రాత్రి ఆ నోట్ బుక్కు విప్పి కూర్చున్నాను. తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఒక ఆటవెలది ఇలా కనిపించింది.

వాన కురియు రాత్రి వాసాల నడుమను
చుక్క చుక్క జారి ........ తడిసె
గిన్నె లుంచి పడితి గిన్నెలే నిండెను
నిండలేదు కనుల ........ నాకు

ఏ వాన గురించి రాసిందో తెలీదు. ఇదే ఇల్లు, ఇవే వాసాలు. వాన మీద రాసిన పద్యాన్ని వానే చెరిపింది.

'గోడ తడిసె అయ్యుంటుంది అప్పా' అన్నాడు తమ్ముడు. అర్థం బాగానే ఉంది. చుక్క చుక్క జారి గోడ తడిసె. గోడ అంటే గురువు, లఘువు. అక్కడ ఉండాల్సింది సూర్యగణం, అంటే ఒక గురువు, ఒక లఘువు గానీ, మూడు లఘువులు గానీ. సరిపోయింది కూడా. నేను పెన్సిలు తీశాను. రాయబోతూ ఆగాను.

పిల్లలూ, ఇక్కడ కాస్త వినండి. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఇది మీ పుస్తకంలో ఉంది. దాంతోపాటు యతి ఉంది. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ చుట్టరికం కలవాలి. మార్కుల కోసం బట్టీ పెడతాం, పరీక్ష అయ్యాక మర్చిపోతాం. నేనూ చాలాసార్లు పిల్లల మొహాలు చూసి, దీన్ని తొందరగా దాటించేశాను. ఆ రాత్రి అది నాకు తాళంచెవి అయింది.

రెండో పాదం 'చు'తో మొదలైంది. చెరిగిపోయిన మాట సరిగ్గా నాలుగో గణం. అంటే అది చ, జ, శ, స లాంటి హల్లుతో, ఉ, ఊ, ఒ, ఓ లాంటి అచ్చుతో మొదలవ్వాలి. గోడకి అక్కడ చోటు లేదు. మా అమ్మ యతి తప్పే మనిషి కాదు. అరుగు మీద పిల్లలు యతి తప్పితే, చదవడం ఆపేసి వాళ్ళే తెలుసుకునేదాకా వాళ్ళ మొహం చూస్తూ కూర్చునేది. 'అప్పా, చోటు తడిసె?' అన్నాడు తమ్ముడు. కుదిరింది. 'చూరు తడిసె?' అన్నాను నేను. అదీ కుదిరింది. ఛందస్సు రెండు మాటలు చేతిలో పెట్టి అక్కడ ఆగిపోయింది.

అప్పుడు మా మేనకోడలు, ఎనిమిదో క్లాసు పిల్ల, టార్చి లైటు తెచ్చింది. పై నుంచి కాకుండా పేజీకి పక్కనుంచి, కాగితాన్ని ఆనించినట్టుగా పట్టింది. పాళీ గట్టిగా నొక్కి రాసేది అమ్మ. సిరా పోయినా పాళీ నొక్కిన గాడి కాగితంలో ఉంది. పక్క వెలుగులో ఆ గాడికి సన్నటి నీడ పడింది. అక్షరం పైన ఓత్వం గీత లేదు. పక్కన కిందికి దిగి మెలితిరిగిన కొమ్ముదీర్ఘం ఉంది. చూ. పక్కన రు. చూరు.

ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. మా అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ మాట ఆవిడే వచ్చి చెప్పినట్టనిపించింది.

నాలుగో పాదానికి ఎక్కువసేపు పట్టలేదు. మరదలు వంటింట్లోంచే 'కునుకు నాకు అయ్యుంటుంది వదినా' అంది. మూడు లఘువులు, గణం కుదిరింది, అర్థం కుదిరింది. 'కాదమ్మా, ని రావాలి, నిండ అని ఉంది కదా' అంది మేనకోడలు. నిదుర. నిండలేదు కనుల నిదుర నాకు. గిన్నెలు నిండాయి, కళ్ళు నిండలేదు. అమ్మ ఒక్కత్తీ వాసాల కింద గిన్నెలు మారుస్తూ మేలుకున్న రాత్రి ఒకటి ఉందని మాకెవరికీ తెలియదు. మేము పడుకునే ఉంటాం. పొద్దున్న లేచేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి, అంతవరకే తెలుసు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో అదే పని. పగలంతా గోడలు, పెంకులు, సర్దుళ్ళు, టెన్షన్లు. రాత్రి భోజనాలయ్యాక నోట్ బుక్కు. ఇల్లు ఎప్పటికి ఇల్లవుతుందో తెలియని రోజుల్లో రాత్రికి ఒక్క మాట దొరికితే చాలు, నిద్ర పట్టేది. మనసుకి ఊరట కావాలంటే పద్యం చదువుకోమని పెద్దలు చెబుతారు. చదవడం వల్ల ఊరట ఉంది, మంచం మీద పిల్ల వణుకు ఆగింది కదా. కానీ నన్ను నిలబెట్టింది ఆ పద్యాలతో పనిచెయ్యడం. వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టడం, ఈ మాట కాదు ఆ మాట అని వాదించుకోవడం. పోయినవాటిలో ఒకటైనా మన చేతులతో బాగవుతుంటే, మిగతావి పోయాయన్న దిగులు పక్కకి జరుగుతుంది.

దొరికిన మాటలు పెన్సిలుతోనే రాశాను. అమ్మవి సిరాలో ఉన్నాయి, మావి పెన్సిల్లో ఉన్నాయి. ఇది నేను భాగవతం నుంచే నేర్చుకున్నాను. మన తెలుగు భాగవతం మొత్తం పోతనగారి చేతిది కాదు. ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండూ పన్నెండూ నారయ పూర్తిచేశారు. గ్రంథం శిథిలమైందని, ఇంకోటని, కారణాలు రకరకాలుగా చెబుతారు. నాకు నచ్చేది మాత్రం వాళ్ళు పోతన పేరు వెనక దాక్కోకపోవడం. ఇది ఫలానావాడు రాసినది అని చెప్పుకునే పూరించారు. ఎక్కడ అతుకు పడిందో తర్వాతివాళ్ళకి తెలియాలి.

మా పక్కింట్లో ఒక ఒడియా పెద్దావిడ ఉంటుంది. మేమంతా మావుసి అంటాం, పిన్ని అని. ఆవిడ నన్ను 'మా' అని పిలుస్తుంది, మనం అమ్మా అన్నట్టు. ఆవిడ జగన్నాథ దాసు భాగవతం పుస్తకం కూడా తడిసిపోయింది. కార్తీకం వచ్చింది, సాయంత్రం దీపం దగ్గర చదవాలి. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, 'నీ గుడ్డముక్కల వైద్యం దీనికీ చెయ్యి' అంది. అందులో పాదానికి తొమ్మిది అక్షరాలు. నవాక్షరి అంటారు. ఒక పాదంలో మూడు అక్షరాలు కొట్టుకుపోయాయి. ఆవిడకి నోటికి వస్తుందనుకున్నాను, సగమే వచ్చింది. కళ్ళు మూసుకుని బొటనవేలితో వేలి కణుపుల మీద ఒక్కొక్క అక్షరం నొక్కుతూ వెళ్ళింది. ఏడో కణుపు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి. మూడోసారి, ఆగిన చోట ఆగకుండా తొమ్మిదో కణుపు దాకా వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, చిన్నపిల్లలా నవ్వింది.

'మావుసీ, బజార్లో కొత్తది దొరుకుతుంది కదా, ఇంత కష్టం ఎందుకు' అన్నాను. 'నాది దొరుకుతుంది మా. నీ అమ్మది దొరకదు. అందుకే నీ పక్కన కూర్చుని నాదీ చేసుకుంటున్నాను' అంది. ఆ కార్తీకమంతా మా నడింట్లో రెండు భాగవతాలూ చదివాం. గోడలు చెమ్మ వాసన కొడుతూనే ఉన్నాయి.

గిడుగువారు సవరల నోట విని రాసుకున్నప్పుడు ఆ పాటలకి కాగితం లేదు, పాత పెట్టె లేదు. గొంతులోనే ఉన్నాయి. అంత కాలం గొంతులో ఎలా నిలిచాయి అంటే, వాటికీ ఒక కొలత, ఒక తూగు ఉండబట్టేనని నాకనిపిస్తుంది. ఇంట్లో ఒక్కటైనా పద్యం పిల్లలకి నోటికి రానివ్వండి అని నేను అందుకే అడుగుతాను. అర్థం తర్వాత తెలుస్తుంది. నాకు ఆరు క్రియల సంగతి తెలియడానికి అరవై ఏళ్ళు పట్టింది.

ఆ రెండు నోట్ బుక్కుల్లో చాలావరకు చదవగలిగాం. కొన్ని పద్యాల్లో యతి దారి చూపించింది, కొన్నింట్లో ప్రాస, కొన్నింట్లో టార్చి. కొన్ని ఏం చేసినా రాలేదు. ఒక పాదం పూర్తిగా పోతే అక్కడ ఎంత ఖాళీ ఉందో ఛందస్సు చెబుతుంది, ఖాళీలో ఏముందో చెప్పదు. అలాంటివాటిని ఖాళీగానే ఉంచాను. నా మాటలు పెట్టి నింపలేదు. చాలామంది నింపమన్నారు, 'మీరూ తెలుగు టీచరే కదా' అన్నారు. నేను నింపితే అది నా పద్యం అవుతుంది. అమ్మ ఏం చెప్పిందో ఇంక ఎవరూ వెతకరు.

అలాంటిది ఒకటి ఉంది. దాని కోసమే నిజానికి ఇవాళ ఈ సభకి వచ్చాను.

రెండో నోట్ బుక్కు చివరి పేజీ. ఆటవెలదే. మొదటి పాదంలో మూడు మాటలున్నాయి.

పాత పెట్టె తెరువ

తర్వాత రెండు ఇంద్రగణాలు లేవు. రెండో పాదం లేదు, మూడో పాదం లేదు. నాలుగో పాదంలో చివరి రెండు మాటలున్నాయి.

అమ్మ లేదు

ఇంతే. మా అమ్మ, వాళ్ళమ్మ పోయాక ఆవిడ పెట్టె తెరిచినప్పుడు రాసిందై ఉంటుంది. అమ్మ అన్నది నాలుగో గణం కాబట్టి, ఆ పాదం అ, ఆ, య, హ లాంటి అక్షరంతో మొదలై ఉంటుంది. అంతవరకు నాకు తెలుసు. పక్క వెలుగు పెట్టి చూశాం, ఆ పేజీ నానిపోయి గాడి కూడా మిగల్లేదు. తమ్ముడికి గుర్తులేదు. నాకు గుర్తులేదు.

కానీ మా అరుగు మీద అమ్మ దగ్గర పద్యాలు నేర్చుకున్న ఆడపిల్లలు ఈ ఊళ్ళో పాతికమందికి తక్కువ లేరు. పాతపట్నం, టెక్కలి వెళ్ళి కాపురం చేస్తున్నవాళ్ళున్నారు, బరంపురంలో ఉన్నవాళ్ళున్నారు. మీకిప్పుడు మనవలు కూడా ఉండి ఉంటారు. అమ్మ తన పద్యాలు ఎవరికీ చూపించేది కాదు గానీ, మీకు యతి చెప్పడానికి ఉదాహరణగా ఎప్పుడైనా ఒకటి చదివే ఉంటుంది. పాత పెట్టె తెరువ అని మొదలయ్యేది. ఆ పైన ఏముందో మీలో ఎవరికైనా, ఒక్క మాటైనా చెవిలో మిగిలి ఉంటే, సభ అయ్యాక నా దగ్గరికి రండమ్మా. నోట్ బుక్కు తెచ్చాను. పెన్సిలు కూడా తెచ్చాను.